గిన్నెలో ముంచిన కొబ్బరి నూనె సీసా

పోయిన సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు, కవిటి నుంచి అప్ప ఒక అట్టపెట్టె మోసుకుంటూ బస్సు దిగి నేరుగా మా షాపుకి వచ్చేసింది. అప్ప అంటే మా వైపు అక్క. సొంత అప్ప కాదు, నా దగ్గర స్టిక్కర్లు వేయించుకునే ఆవిడ, నాకంటే పదేళ్లు పెద్ద, అలా పిలవడం అలవాటైపోయింది. పెట్టెలో 36 కొబ్బరి నూనె సీసాలు, ఒక్కోటి 200 మి.లీ., సోంపేటలో ఒక దుకాణం వాళ్లు తిప్పి పంపినవి. ఒక్కో సీసా తీసి నా టేబుల్ మీద పెడుతూ, "ఏటి చెల్లీ ఇది, తేదీ ఎక్కడుందో సూడు" అంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

ఒక సీసా చేతిలోకి తీసుకుని చూశాను. నూనె పేరు ఎర్ర అక్షరాల్లో బాగానే ఉంది, కొబ్బరి చెట్టు బొమ్మ ఉంది. దాని కింద బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ, ధర ఉండాల్సిన చోట మాత్రం బూడిద రంగు మరక. బొటనవేలితో అలా రాస్తే నల్లగా వేలికి అంటింది. కాగితం నూనె పీల్చేసి బజ్జీల పొట్లంలా అయిపోయి, వెనకున్న సీసా కనపడుతోంది. ఎడమ వైపు అంచు లేచి లోపలికి చుట్టుకుపోయింది, దాని కింద గమ్ తెల్లగా పాలిపోయి జిగురంతా చచ్చిపోయి ఉంది. పెట్టె అడుగున రెండు స్టిక్కర్లు పూర్తిగా ఊడి పడి ఉన్నాయి. ఏ సీసావో తెలీదు.

లోపల నూనె మాత్రం చక్కటి నూనె. ఉద్దానం కొబ్బరి, గానుగలో ఆడించింది, మూత తీస్తే గదంతా వాసన. అంత మంచి సరుకు నేను వేసిన కాగితం వల్ల వెనక్కి వచ్చింది. ఆ రాత్రి నిజంగా నిద్ర పట్టలేదు, ఎందుకంటే నేను టెస్ట్ చేయకుండా ఇవ్వలేదు. స్టిక్కర్ అంటించి కుళాయి కింద రెండు నిమిషాలు పెట్టాను, గోటితో గీకాను, బాగానే ఉంది కదా అని రోల్ చుట్టి పంపాను. నేను టెస్ట్ చేసింది ఖాళీ సీసా. కొత్తది, పొడిది, నూనె చుక్క తగలనిది. అప్ప అమ్మేది ఖాళీ సీసాలు కాదుగా.

అసలు ఏం జరిగిందో మర్నాడు దుకాణం ఆయనకి ఫోన్ చేస్తే తెలిసింది. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. చలికాలం తెల్లారేసరికి సీసాలో తెల్లగా రాయిలా ఉంటుంది. అందుకని ఆయన రోజూ పొద్దున్నే ఒక బకెట్లో వేడి నీళ్లు పోసి, సీసాలన్నీ అందులో నిలబెట్టి, కరిగాక తుడిచి అల్మరాలో పెడతాడు, కరిగి ఉంటేనే జనం కొంటారని. కొన్న వాళ్లు ఇంట్లో చేసేదీ అదే, స్నానానికి కాగిన నీళ్లు గిన్నెలోకి వంచి సీసా ముంచడం, లేకపోతే ఎండలో గోడ మీద పెట్టడం. నేను చిన్నప్పటి నుంచి చూస్తున్న పనే ఇది, మా అమ్మా ఇప్పటికీ చేస్తుంది. మరి స్టిక్కర్ వేసేటప్పుడు నాకెందుకు గుర్తు రాలేదు? ఈ ప్రశ్న దగ్గరే నేను చాలా రోజులు ఆగిపోయాను. ఇప్పుడు ఎవరు ఆర్డర్ ఇచ్చినా మొదట అడిగేది సైజు కాదు, "ఈ సీసాని కొన్న వాళ్లు ఇంట్లో ఏం చేస్తారు?" అని.

ఇందులో రెండు వేరు వేరు విషయాలున్నాయి, చాలామంది కలిపేసి చూస్తారు, నేనూ అలాగే చూసేదాన్ని. ఒకటి, అచ్చు స్టిక్కర్‌ని పట్టుకుని ఉందా. రెండు, స్టిక్కర్ సీసాని పట్టుకుని ఉందా. అప్ప సీసాల విషయంలో రెండూ పోయాయి, కానీ కారణాలు వేరు. తేదీ పోయింది రిబ్బన్ వల్ల. మేం వాడే ప్రింటర్లో ఇంకు ఉండదు, రిబ్బన్ మీద పూతని వేడి తల కరిగించి కాగితానికి అంటిస్తుంది. ఆ పూత మైనంతో చేసింది ఉంటుంది, మైనంలో రెజిన్, అంటే ప్లాస్టిక్ లాంటి గట్టి పదార్థం, కలిపింది ఉంటుంది, అచ్చంగా రెజిన్‌ది ఉంటుంది. మైనంది, అంటే వ్యాక్స్ రిబ్బన్ చవక, క్రోమో అనే నున్నటి కాగితం మీద నల్లగా అందంగా పడుతుంది, పొడి సరుకుకి బ్రహ్మాండం, చోడి (రాగి) పిండి ప్యాకెట్లకీ అప్పడాలకీ ఇప్పటికీ అదే వేస్తాను. కానీ మైనం నూనెకి లొంగిపోతుంది, వేడి తగిలితే మరీను. నూనె చెయ్యితో రుద్దితే చాలు. అంచు లేచింది మాత్రం కాగితం వల్లా గమ్ వల్లా. కాగితం నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, రోజూ బకెట్లో మునిగి ఎండితే ఆ లాగుడికి అంచు లేవక ఏం చేస్తుంది.

తేదీ చెరిగితే ఏమైంది, నూనె బాగుందిగా అనుకునే వాళ్లకి ఒక మాట. ఫుడ్ సేఫ్టీ వాళ్ల 2020 నాటి లేబులింగ్ నిబంధనల్లో లేబుల్ డబ్బా నుంచి ఊడిపోని విధంగా ఉండాలని, రాసింది స్పష్టంగా, చెరగకుండా, మామూలుగా కొని వాడే పరిస్థితుల్లో సులభంగా చదవగలిగేలా ఉండాలని ఉంది. "కొని వాడే పరిస్థితుల్లో" అన్నది చూడండి. బకెట్ వేడి నీళ్లు మా ఊళ్లో వాడే పరిస్థితే. దుకాణం ఆయన తిప్పి పంపడం న్యాయమే, తనిఖీకి ఎవరైనా వస్తే మాట పడేది ఆయన.

తర్వాత నేను కొంచెం చదువుకున్నాను. పెద్ద కంపెనీలు చేసే పరీక్షలకి లక్షల మెషిన్లు కావాలేమో అని భయపడ్డాను గానీ, కొన్ని పరీక్షలు విని ఆశ్చర్యపోయాను. మన మిక్సీ, ఇస్త్రీ పెట్టె వెనక ఓల్టులు, వాట్లు రాసి ఉండే స్టిక్కర్‌కి ఐఈసీ 60335 అనే ప్రమాణంలో ఉన్న పరీక్ష ఏంటంటే, నీళ్లలో తడిపిన గుడ్డతో చేత్తో 15 సెకన్లు రుద్దాలి, తర్వాత పెట్రోలియం స్పిరిట్‌లో, అంటే పెట్రోలు లాంటి ద్రావకంలో, తడిపిన గుడ్డతో ఇంకో 15 సెకన్లు రుద్దాలి. ఆ తర్వాత రాసింది చదవగలగాలి, స్టిక్కర్ తేలిగ్గా ఊడి రాకూడదు, అంచు చుట్టుకుపోకూడదు. అంతే. గుడ్డ, చెయ్యి, గడియారం! నేను దాన్ని మా సరుకుకి మార్చుకున్నాను. మొదట నీళ్ల గుడ్డ, తర్వాత ఆ సీసాలో ఏ సరుకు పోస్తారో దానితో తడిపిన గుడ్డ. కొబ్బరి నూనె అయితే కొబ్బరి నూనె, ఆవకాయ అయితే పైన తేలిన నూనె, కారంతో సహా, ఎందుకంటే ఆ పొడి గరుకు కూడా గీకుతుంది. తేనె అయితే తేనె తర్వాత వేడి నీళ్ల గుడ్డ, ఇంట్లో జిగురు కడిగేది అలాగే కాబట్టి.

టేపు పరీక్ష కూడా సులువే. అచ్చు మీద టేపు అంటించి, గాలి బుడగ లేకుండా వేలితో బాగా నొక్కి, ఒక్క లాగు లాగాలి. టేపుకి రంగు ఎంత వచ్చిందో తెల్ల కాగితం మీద అంటించి తేదీ వేసి దాచుకుంటాను, ఇప్పుడు ఆ నోటు పుస్తకం సగం నిండింది. ఒకటి గమనించండి, కాగితం స్టిక్కర్ మీద ఈ పరీక్ష మోసం చేస్తుంది, టేపుతో పాటు కాగితం పొరే లేచి వచ్చేస్తుంది, అది అచ్చు తప్పు కాదు. ప్లాస్టిక్ ఫిల్మ్ మీద మాత్రం అసలు సంగతి బయటపెడుతుంది. ప్రతిసారీ ఒకే రకం టేపు వాడాలి, లేకపోతే నిన్నటిదానితో ఇవాళ్టిది పోల్చలేం.

స్టిక్కర్ ఎంత గట్టిగా పట్టుకుందో కొలవడానికి ఫినాట్ అనే యూరప్ లేబుల్ తయారీదారుల సంఘం పద్ధతి ఒకటుంది. 25 మి.మీ. వెడల్పు పట్టీని గాజు పలక మీద అంటించి, చివర పట్టుకుని వెనక్కి పూర్తిగా మడిచి, అంటే 180 డిగ్రీల్లో, నిమిషానికి 300 మి.మీ. వేగంతో లాగుతారు. అంటించిన 20 నిమిషాలకి ఒకసారి, 24 గంటలకి ఒకసారి. నిమిషానికి 300 అంటే సెకనుకి అర సెంటీమీటరు. సూట్‌కేసు తూచే చేతి కాటా కొక్కానికి పట్టీ చివర క్లిప్పుతో తగిలించి, పక్కన స్కేలు పెట్టుకుని, మనసులో అంకెలు లెక్కపెడుతూ మెల్లగా లాగడం అలవాటు చేసుకున్నాను. నా అంకె ల్యాబ్ అంకెకి సరిపోదు, సరిపోవాలని కూడా లేదు, ఈ రోల్ కంటే ఆ రోల్ గట్టిదా కాదా తెలిస్తే నాకు చాలు. ఇందులో నేను నేర్చుకున్న పెద్ద విషయం ఆ 24 గంటలు. అంటించగానే లాగితే తేలిగ్గా వచ్చేసిన అక్రిలిక్ గమ్ మర్నాడు లాగితే మొండిగా పట్టుకుంటుంది, ఎందుకంటే అది మెల్లగా సీసా మీద పాకి కుదురుకోవాలి. హాట్‌మెల్ట్ గమ్ దానికి తిరగేసి, ముట్టుకోగానే పట్టేస్తుంది, అది చూసి మురిసిపోయి కొంటాం, మే నెలలో రేకుల షెడ్డులో పెడితే మెత్తబడి స్టిక్కర్ పక్కకి జారుతుంది, అంచుల్లో గమ్ బయటికొచ్చి దుమ్ము పట్టి నల్లటి గీత కడుతుంది. నేను మొదట వాడింది అదే. అమ్మిన వాళ్లు "సూపర్ గమ్ మేడమ్, చెయ్యి పెట్టి చూడండి" అన్నారు, చెయ్యి పెట్టి చూశాను, కొన్నాను.

ఇంకో విషయం, ఆ కొలత గాజు మీద. గాజుకి దాదాపు ఏ గమ్మైనా పడుతుంది. ప్లాస్టిక్ అంతా ఒక్కటి కాదు. నూనె సీసాల్లో మెరిసే పారదర్శకమైన పెట్ సీసా మీద గమ్ బాగానే పరుచుకుంటుంది, అదే తెల్లటి నొక్కుడు డబ్బా ఉంటుంది చూడండి, హెచ్‌డీపీఈ, అంటే పాలిథిలీన్‌లో ఒక రకం, దాని మీద గమ్ తామరాకు మీద నీటిబొట్టులా ముడుచుకుని కూర్చుంటుంది, పరుచుకోదు. దీన్ని డైన్లలో కొలుస్తారు, అంకె ఎక్కువైతే గమ్ బాగా పరుచుకుంటుందని అర్థం, పెట్ సుమారు 43, పాలిథిలీన్ సుమారు 31. కొలవడానికి డైన్ పెన్నులని దొరుకుతాయి, నా దగ్గర లేవు, సీసా బాగా తుడిచి ఒక నీటి చుక్క వేసి పక్కనుంచి చూస్తాను, చుక్క గుండ్రంగా నిలబడితే ఆ సీసా కష్టమే అని నాకు తెలుస్తుంది. పైగా ఆ డబ్బాని నొక్కుతారు కాబట్టి కాగితం ముడతలు పడుతుంది, సాగే ఫిల్మ్ కావాలి. ఒక షాంపూ ఆర్డర్ ఈ కారణంతో వదిలేసుకున్నాను కూడా, నా దగ్గరున్న రోల్‌తో అది నిలవదని చెప్పేశాను.

అప్ప సీసాల విషయంలో నాకు బాగా నొప్పి పెట్టింది ఏంటంటే, సగం తప్పు స్టిక్కర్ అంటించకముందే జరిగిపోయింది. ఫిబ్రవరిలో నేనే కవిటి వెళ్లి వాళ్లు పని చేసే తీరు చూశాను. ముగ్గురు ఆడవాళ్లు కింద కూర్చుని, నూనె పోసి, మూత బిగించి, చీర కొంగుకి చేతులు తుడుచుకుని స్టిక్కర్ తీసి అంటిస్తున్నారు. ఆ చేతులకి నూనె. సీసా మెడ నుంచి కారిన సన్నటి నూనె చార. మూత బిగించేటప్పుడు పట్టుకున్న చోట సీసా నడుముకి నూనె వేళ్లు. వెలుతురుకి పెడితే ఐదు వేళ్ల ముద్రలూ కనపడుతున్నాయి, స్టిక్కర్ సరిగ్గా వాటి మీదే పడుతోంది. ఎంత ఖరీదైన గమ్ తెచ్చినా నూనె మీద అంటించేది గాలిలో అంటించినట్టే. అక్కడే పది సీసాలు తీసుకున్నాం, ఐదింటిని స్పిరిట్ గుడ్డతో తుడిచి ఆరనిచ్చి అంటించాం, ఐదింటిని రోజూ లాగే. మర్నాడు పొద్దున్న పొయ్యి మీద నీళ్లు కాచి అన్నిటినీ ముంచాం. తుడవని ఐదింట్లో నాలుగింటికి అంచు లేచింది. తుడిచిన వాటిలో ఒక్కటీ లేవలేదు. అప్ప ఏమీ అనలేదు, లేచి వెళ్లి స్టిక్కర్లు అంటించే పీట తీసుకొచ్చి గదికి ఈ చివర పెట్టింది, నూనె పోసేది ఆ చివర. ఖాళీ సీసాలకి ముందు రోజే స్టిక్కర్లు అంటించి, మర్నాడు నూనె పోయడం అప్పటి నుంచే మొదలైంది. ఇది ఆవిడ ఆలోచనే, నాకు తట్టలేదు.

స్టిక్కర్ మాత్రం నేను మార్చాను. కాగితం తీసేసి తెల్ల పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) ఫిల్మ్, అక్రిలిక్ గమ్, తేదీలకి రెజిన్ రిబ్బన్. ఒక్కో దానికి కొన్ని పైసల తేడా వస్తుంది, 36 సీసాల నూనె వెనక్కి రావడంతో పోలిస్తే అది ఖర్చే కాదు. లామినేషన్ దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. బొమ్మా పేరూ ముందే అచ్చు వేసి పైన లామినేషన్ వేయిస్తాం, అది ఎంత రుద్దినా పోదు. కానీ తేదీ ప్రతి బ్యాచ్‌కీ మారుతుంది, అది తర్వాత పడాలి, లామినేషన్ పైన పడాలి. చాలామంది అక్కడ మామూలు స్టాంప్ ప్యాడ్‌తో రబ్బరు స్టాంపు కొడతారు, పేపర్ మీద పీల్చుకుని ఆరే ఇంకు ఆ నున్నటి ఫిల్మ్ మీద పైపైన ఉండిపోతుంది, చెయ్యి తగలగానే పోతుంది. అంటే స్టిక్కర్ అంతా శాశ్వతం, ఒక్క తేదీ తప్ప! అందరికీ కావల్సింది అదే. ఇప్పుడు తేదీ పడే చోట చిన్న కిటికీలా లామినేషన్ లేకుండా వదిలేసి, అక్కడ రెజిన్‌తో ఇక్కడే కొట్టి పంపుతున్నాను, బ్యాచ్ ముందు రోజు అప్ప ఫోన్ చేసి తేదీ చెప్తుంది, రోల్ ఆర్టీసీ కార్గోలో వెళ్తుంది. కొంచెం శ్రమే.

వేడి నీళ్ల పరీక్షలో స్టిక్కర్‌తో సంబంధం లేనిది ఒకటి బయటపడింది. మరిగే నీళ్లు పోస్తే పెట్ సీసాయే ముడుచుకుపోతుంది, ఆ ప్లాస్టిక్ 70 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. అప్పుడు ఎంత మంచి స్టిక్కరైనా ముడతే. నూనె కరగడానికి అంత వేడి అక్కర్లేదు కూడా, గోరువెచ్చని నీళ్లు చాలు. అందుకే వెనక వైపు ఒక లైను చేర్చాం, "చలికి గడ్డకడితే సీసాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచండి" అని. అది చదివి చేసే వాళ్లు ఎంతమందో గానీ, నేను మాత్రం 60 డిగ్రీల్లోనే పరీక్ష చేస్తాను, బకెట్లో ఎవరూ థర్మామీటరు పెట్టరు కదా.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. కార్టన్‌లో సీసాలు ఒకదానికొకటి రాసుకుంటాయి, ఆ రాపిడి చూడటానికి ల్యాబుల్లో మెషిన్ ఉంది, నేను ఒక పెట్టె నింపి ఇచ్ఛాపురం దాకా బస్సులో పంపి తెప్పించుకుంటాను. ఎండకి పడమటి కిటికీలో పెడతాను, ఎరుపు, పసుపు ముందు పోతాయి, నలుపు గట్టిగా ఉంటుంది, కాబట్టి తేదీ ఎప్పుడూ నలుపే. కొరియర్ వాళ్లు వాడే థర్మల్ కాగితం, అదే ఇంకూ రిబ్బనూ లేకుండా వేడికే నల్లబడేది, తినే సరుకు మీద దయచేసి వాడకండి. నూనె తగిలితే రాత వెలిసిపోతుంది, శానిటైజర్ తగిలితే కాగితమే నల్లబడుతుంది.

చదువుతున్నప్పుడు నన్ను కదిలించింది మాత్రం బీఎస్ 5609 అనే బ్రిటిష్ ప్రమాణం. ఓడల్లో వెళ్లే రసాయనాల డ్రమ్ముల మీద స్టిక్కర్లకి అది. మూడు నెలలు సముద్రపు నీటిలో ఉంచుతారు. డ్రమ్ము ఓడ మీంచి జారిపోయి ఎక్కడో తీరానికి కొట్టుకొస్తే, దాన్ని చూసిన మనిషికి లోపల ఏముందో తెలియాలి, ముట్టుకోవచ్చో లేదో తెలియాలి, అందుకు. బారువ తీరంలో వలలు లాగే వాళ్లని చూస్తూ పెరిగిన దాన్ని, ఒక డ్రమ్ము ఒడ్డుకి వస్తే ముందు దగ్గరికి వెళ్లేది వాళ్లేనని నాకు తెలుసు. అప్పటి నుంచి స్టిక్కర్ అంటే అందం కోసం వేసేది అన్న మాట ఎవరన్నా నాకు కష్టంగా ఉంటుంది.

ఈ ఏడాది చలి మొదలైంది. మొన్న పొద్దున్న మా ఇంట్లో నూనె మొదటిసారి గడ్డకట్టింది, అది చూడగానే టెన్షన్ పట్టుకుని నిన్న సోంపేట వెళ్లాను. దుకాణం ఆయన నన్ను గుర్తుపట్టి, ఏమీ అడక్కుండానే బకెట్లోంచి ఒక సీసా పైకి తీసి, తువ్వాలుతో గట్టిగా తుడిచి, చేతికిచ్చాడు. తయారీ తేదీ, ఎక్స్‌పైరీ, ధర, 14 అంకెల ఫుడ్ సేఫ్టీ లైసెన్స్ నంబరు, అన్నీ కళ్లజోడు లేకుండా చదివాను. బకెట్లో ఉన్న పన్నెండూ తీసి చూశాను. పదకొండు బాగున్నాయి. ఒక్కదానికి కింది మూల బియ్యపు గింజంత లేచి ఉంది, దాన్ని కొనుక్కుని తెచ్చుకున్నాను, ఇప్పుడు నా టేబుల్ మీదే ఉంది. గోటితో తడిమితే దొరికింది, సీసా తయారుచేసే మూస రెండు సగాలు కలిసే చోట నిలువుగా సన్నటి గీత ఉంటుంది, స్టిక్కర్ అంచు సరిగ్గా ఆ గీత మీద ఆగింది, కింద గాలి చేరి నీళ్లకి దారి దొరికింది. అంచు ఆ గీత మీద పడకుండా అర అంగుళం పక్కకి జరిపి అంటించమని రాత్రి అప్పకి ఫోన్ చేసి చెప్పాను. పీట మీద గీత ఉన్న వైపు తెలిసేలా ఒక మేకు కొడతానంది.